రెండు మార్కుల ఇల్లు

ఆ ఉదయం లేవగానే రామమోహన్ హాల్లో గోడకున్న, ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ దగ్గరికి వెళ్లి, అది తను పెట్టిన చోటే ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. అరవై రెండు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆ ఇల్లు కొన్నప్పటి నుంచీ ప్రతి చలికాలమూ అది అరవై రెండు ఫారెన్‌హీట్ దగ్గరే, అంటే సెల్సియస్‌లో పదిహేడుకి కాస్త తక్కువగా, ఉంది. దాన్ని ఎవరైనా పైకి జరిపితే నాన్నకి నిద్రలో కూడా తెలిసిపోతుందని కూతురు నిధి చిన్నప్పుడు నమ్మేది. ఆ నమ్మకాన్ని ఆయన ఎప్పుడూ ఖండించలేదు.

ఇవాళ మాత్రం కాసేపు ఆలోచించి, దాన్ని అరవైకి దించాడు.

"ఏవండీ, ఇవాళ పరీక్ష ఇంటికా, మనకా?" వంటింట్లోంచి రాధారాణి అడిగింది. నైటీ మీద ఒక స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు, పైన శాలువా, కాళ్లకి రెండు జతల సాక్సులు. కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని, తాగకుండా అలాగే నిలబడింది.

"ఇంటికే. కానీ ఆ వచ్చే అమ్మాయికి లోపలికి అడుగు పెట్టగానే తెలియాలి, ఈ ఇంట్లో ఒక్క డిగ్రీ కూడా వేస్ట్ కాదని."

"తెలియకేం. నోట్లోంచి పొగలు వస్తుంటే ఆవిడే రాసుకుంటుంది."

పోర్ట్‌లాండ్‌లో ఇల్లు అమ్మాలంటే ముందు దానికి ఎనర్జీ స్కోర్ వేయించాలి. ఒక అసెసర్ వచ్చి గోడలు, కిటికీలు, అటక, ఇంటిని వేడిచేసే ఫర్నేసు అన్నీ చూసి, ఒకటి నుంచి పది దాకా ఒక అంకె ఇస్తారు. అమ్మకం ప్రకటనలో, అంటే లిస్టింగ్‌లో, ఇంటి ఫోటోలతో పాటు ఆ అంకె కూడా అందరికీ కనపడాలి. ఇల్లు అమ్ముకునే వాళ్లంతా ఈ రూల్‌ని తిట్టుకుంటారు. రామమోహన్ ఒక్కడే సంబరపడ్డాడు. ఎందుకంటే ఆయన జీవితమంతా పవర్ ప్లాంట్ల బాయిలర్లు డిజైన్ చేశాడు. వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది అన్నదే ఆయన ఉద్యోగం. పైగా ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. చుట్టుపక్కల ఇళ్లకన్నా మీరు ఎంతో తక్కువ వాడారని మెచ్చుకుంటూ గ్యాసూ కరెంటూ ఇచ్చే యుటిలిటీ కంపెనీ వాళ్లు అప్పుడప్పుడూ పంపే కాగితాల మీద పసుపురంగు నవ్వు మొహాలుంటాయి. వాటిని ఆయన ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. నిధి కాలేజీకి వెళ్లేదాకా అక్కడ దాని ప్రోగ్రెస్ రిపోర్టులుండేవి.

ఇల్లు అమ్మడం ఆయన కోరిక కాదు. రాధారాణికి మోకాళ్ల వల్ల మెట్లు ఎక్కడం కష్టమైపోయింది. చలికాలం వస్తే వేళ్లు కట్టెల్లా బిగుసుకుపోతున్నాయి. నిధి ఉండే బీవర్టన్‌లో, దాని ఇంటికి దగ్గర్లోనే, మెట్లు లేని చిన్న కొత్త ఇల్లు ఒకటి చూశారు. చూడ్డానికి వెళ్లిన రోజు రాధారాణి గుమ్మంలో చెప్పులు విప్పింది. తర్వాత వంగి, మోకాళ్లని తిట్టుకుంటూ, సాక్సులు కూడా విప్పింది. ఉత్త కాళ్లతో గది గదికీ తిరిగింది. ఆవిడ నేల నాణ్యం చూస్తోందనుకుని, "ఫ్లోరింగ్ బాగానే ఉందిలే, పద" అన్నాడు రామమోహన్.

పాత ఇల్లు అమ్ముడైతేనే కొత్తది కొంటామన్న షరతు మీద బిల్డర్ ఒప్పుకున్నాడు. నెలాఖరులోగా ఈ ఇంటికి కొనేవాళ్లు కుదరకపోతే దాన్ని వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ రాధారాణి క్యాలెండర్ ఉన్న గోడ వైపు చూడటం మానేసింది.

పదింటికి నిధి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, ఇది హౌసా, రిఫ్రిజిరేటరా?"

"జాకెట్ తీసి రా అమ్మా. ఆ అమ్మాయి చూస్తే బాగుండదు."

"నో వే. నేను తియ్యను. అమ్మా, నీ లిప్స్ బ్లూగా ఉన్నాయి."

"ఇవాళ ఫ్యాషన్ ఇదేనటే," అంది రాధారాణి, నిన్నటి జంతికలు పళ్లెంలో సర్దుతూ.

రాధారాణి జంతికల గురించి ఒక మాట చెప్పాలి. చలికాలం వచ్చిందంటే అవి పోర్ట్‌లాండ్ నుంచి హిల్స్‌బరో దాకా ప్రతి తెలుగు ఇంటికీ చేరతాయి. జిప్‌లాక్ సంచుల్లో, పెరుగు డబ్బాల్లో, పాత కుకీ టిన్నుల్లో. జంతికలు కాకపోతే చేగోడీలు, అవి కాకపోతే చెక్కలు. తెలుగు సంఘం వాళ్లు ఒకసారి ఆవిడకి స్టేజీ మీద శాలువా కూడా కప్పారు. అది మంచి ఊలు శాలువా. ఇప్పుడు ఆవిడ భుజాల మీద ఉన్నది అదే.

అసెసర్ మర్యాదైన అమ్మాయి. జంతికలు వద్దని, రామమోహన్ మొహం చూసి ఒకటి తీసుకుంది. ఆయన ఆమెని నేరుగా ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి నవ్వు మొహాలు చూపించాడు. బిల్లులు తనకి అక్కర్లేదనీ, తను చూసేది ఇంటినే గానీ అందులో ఉండే మనుషుల్ని కాదనీ ఆమె నవ్వుతూ చెప్పింది. ఆ మాట ఆయన చెవిన పడింది గానీ లోపలికి వెళ్లలేదు.

కిటికీలు చూసింది. ఫర్నేసు చూసింది. గోడల్లో ఏముందో చూసింది. ఏమీ లేదు. ఆ ఇల్లు కట్టిన రోజుల్లో గోడల్లో వేడిని ఆపేదేమీ వేసేవారు కాదు. తర్వాత నిచ్చెన వేసుకుని అటకెక్కింది. చాలాసేపు దిగలేదు.

దిగాక అడిగింది, పైన పడగ్గదుల మీదంతా వేడి పోకుండా పరిచే ఇన్సులేషన్ ఏమైందని.

"ఆ పింక్ పీచా? నేనే తీసేశాను," అన్నాడు రామమోహన్ ధీమాగా ఇంగ్లీషులో. "ప్లైవుడ్ వేయించాను. సూట్‌కేసులకి చోటు కావాలి కదా."

ఆ అటక మీద ఉన్న సూట్‌కేసులు చూస్తే విమానాశ్రయంలో పోయాయనుకున్నవన్నీ ఇక్కడే చేరాయేమో అనిపిస్తుంది. ఇండియా వెళ్లొచ్చిన ప్రతిసారీ కొన్నవి, చక్రం ఊడినా పారేయనివి, వాటి పక్కన బొమ్మల కొలువు పెట్టెలు. తెలుగువాడి ఇంట్లో సూట్‌కేసు పారేయడం అనే పని ఇంతవరకూ జరగలేదు.

ఆ అమ్మాయి బల్ల దగ్గర కూచుని లాప్‌టాప్‌లో కొట్టింది. చూపించింది.

రెండు.

పదికి రెండు.

నిధి తన చిన్నతనమంతా తొంభై ఎనిమిది తెచ్చి, "మిగతా రెండూ ఏవీ?" అన్న ప్రశ్నకి జవాబు చెబుతూ గడిపింది. మిగతా ఎనిమిదీ ఏవి నాన్నా అని అడిగే రోజు ఒకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు వచ్చింది. తండ్రి మొహం చూసి, నోరు తెరిచి, మూసుకుంది.

* * *

ఆ సాయంత్రం గోపాల్ వచ్చాడు. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు రియల్ ఎస్టేట్. పోర్ట్‌లాండ్ తెలుగువాళ్ల ఇళ్లలో సగం ఆయన చేతిమీదుగా మారినవే.

"అంకుల్, నేను ఫ్రాంక్‌గా చెప్తా. ఇంతకుముందు ఈ స్కోర్ ఎవ్వరూ చూసేటోళ్లు కాదు. ఇప్పుడు గ్యాస్ రేట్లు పెరిగినంక బయర్లు ఫస్ట్ అదే చూస్తున్నరు. రెండు అంటే ఏం చేస్తరు? అటకకింత, గోడలకింత, కిటికీలకింత అని లెక్క వేస్తరు. అంతా ప్రైస్‌లకెళ్లి కట్ చేస్తరు. ఇంకా టెన్ పర్సెంట్ భయానికి కట్ చేస్తరు."

"స్కోర్ తప్పు, గోపాల్."

"తప్పో ఒప్పో, లిస్టింగ్‌ల కనిపిస్తది కదా అంకుల్. రెండే దారులున్నయి. రెండుతోనే పెట్టి, ప్రైస్ కొంచెం దించితే నెలాఖరుకి పోతది. లేదంటే అటక మంచిగ చేయించి మళ్ల స్కోర్ వేయిస్తం. కానీ మంచి కాంట్రాక్టర్లు వచ్చే నెల దాక దొరకరు."

"వచ్చే నెలైతే ఆ ఇల్లు ఉండదు కదా బాబూ?" రాధారాణి అడిగింది.

"ఉండదు ఆంటీ."

రామమోహన్ లేచి నిలబడ్డాడు. "మూడో దారి ఉంది. వాళ్లు ఎస్టిమేట్ చేసిన ఏడాది గ్యాస్, కరెంటు ఖర్చు చూశావా? మన అసలు బిల్లుకి రెండింతల పైన! నేను సిటీ ఆఫీసుకి రాస్తాను. రీవాల్యుయేషన్ అడుగుతాను. అంతవరకూ లిస్టింగ్ ఆపు. రెండు అని రాసిన బోర్డు నా ఇంటి ముందు పెట్టించుకోను."

"ఏవండీ, మరి ఆ ఇల్లు..."

"పోతే పోనీవోయ్. ఇంకోటి దొరకదా? నీకు ఆ వంటింటి గట్టు గ్రానైట్ నచ్చింది, అంతేగా. గ్రానైట్ ఎక్కడైనా దొరుకుతుంది."

రాధారాణి ఆయన వైపు చూసింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించింది. కాసేపటికి నూనె కాగిన వాసన వచ్చింది.

గోపాల్ వెళ్తూ వెళ్తూ ఒక సంచీడు జంతికలు పట్టుకెళ్లాడు.

ఆ తర్వాత రోజులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నడిచాయి. బయట ఆగని వాన. రామమోహన్ పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూచుని సిటీకి ఉత్తరాలు రాసేవాడు. అందులో సమీకరణాలుండేవి. సిటీ నుంచి మర్యాదగా ఒకే జవాబు వచ్చేది: స్కోర్ ఇంటి కట్టుబడికి సంబంధించినది, అందులో నివసించేవారి అలవాట్లకి కాదు. ఫోన్ మోగితే బిల్డరేమోనని రాధారాణి ఉలిక్కిపడేది. కాకపోతే ఊపిరి పీల్చుకునేది. నెల చివరికొస్తున్న కొద్దీ ఆవిడ మాటలు తగ్గాయి, జంతికలు పెరిగాయి. డబ్బాలు నిండి, గిన్నెలు నిండి, చివరికి ఇడ్లీ కుక్కర్లో కూడా జంతికలే.

శనివారం మధ్యాహ్నం నిధి వచ్చేసరికి రాధారాణి స్టవ్ ముందు నిలబడి ఇంకో వాయి వేస్తోంది. జంతికల గొట్టం నొక్కబోతే బిగుసుకున్న వేళ్లు పట్టు తప్పాయి. గొట్టం కింద పడింది. పిండి నేలంతా చిమ్మింది.

"అమ్మా! స్టాప్! ఎవరు తింటారు ఇవి? ఇంట్లో అన్ని చోట్లా జంతికలే ఉన్నాయి!"

"ఎవరో ఒకరు తింటార్లే."

"నిధీ, ఇలా రా," బల్ల దగ్గర్నుంచి రామమోహన్ పిలిచాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "దొరికింది. వాళ్ల తప్పు ఎక్కడుందో దొరికింది. చూడు. వాళ్ల లెక్క ప్రకారం ఈ ఇంటి కప్పులోంచి, గోడల్లోంచి ఇంత వేడి బయటికి పోతోంది. సరే, పోతోందనుకుందాం. ఆ వేడికి ఎవరో ఒకరు ఖర్చు కట్టాలా వద్దా?"

"కట్టాలి."

"మన బిల్లులో అది ఉందా? లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. వేడి ఊరికే రాదు, ఊరికే పోదు. అది ప్రకృతి నియమం. ఎవరూ కట్టలేదు కాబట్టి వాళ్ల లెక్క తప్పు. అంతే!"

"నేను కట్టానండీ," అంది రాధారాణి.

గట్టిగా కూడా అనలేదు. నేల మీద పిండి తుడుస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఏంటి?"

"ఎవరో కట్టాలన్నారుగా. నేను కట్టాను." గుడ్డ పక్కన పెట్టి, స్టవ్ గట్టు పట్టుకుని మెల్లిగా లేచింది. "మీరు పొద్దున్నే ఆఫీసుకెళ్లిపోయేవారు. అక్కడ వెచ్చగా ఉండేది. నిధి స్కూలుకెళ్లేది. అక్కడా వెచ్చగానే ఉండేది. పగలంతా ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. ఆ గోడ మీదున్నది ముట్టుకోకూడదు. స్టవ్ ముట్టుకోవచ్చు. వంటకైతే మీరెప్పుడూ లెక్క అడగలేదు. అందుకని..."

ఆవిడ బల్ల మీది గిన్నెల వైపు చెయ్యి చూపించింది.

వాక్యం పూర్తి చేయనక్కర్లేకపోయింది.

"నీకు చేయడం ఇష్టమనుకున్నాను," అన్నాడు రామమోహన్.

"జంతికలా? నాకసలు పడవండీ. ఆ నూనె వాసనకి రాత్రి అన్నం కూడా సహించేది కాదు."

ఆవిడ ఒక్క జంతిక తినగా ఎప్పుడైనా చూశానా అని రామమోహన్ గుర్తు చేసుకోబోయాడు. పెళ్లిళ్లలో, పిక్నిక్కుల్లో, ఈ బల్ల దగ్గర. వడ్డిస్తున్న చెయ్యే గుర్తొచ్చింది. నోరు గుర్తు రాలేదు.

"అయితే... చెప్పొచ్చుగా? ఒక్క మాట చెబితే నేను..."

"చెప్పాను. ఈ ఇంట్లో మొదటి చలికాలం. ఇంకో స్వెట్టరు వేసుకో అన్నారు." ఆవిడ రెండో స్వెట్టరు అంచు పట్టుకుని చూపించింది. "వేసుకున్నాను."

నిధి కళ్లు అప్పటికే నిండిపోయాయి. "అమ్మా, నేను స్కూల్ నుంచి రాగానే ఈ స్మెల్ వచ్చేది. నేను అందరికీ చెప్పాను, మై మామ్ నా కోసం స్టవ్ దగ్గర వెయిట్ చేస్తుంది అని. కాలేజ్ అడ్మిషన్ ఎస్సేలో కూడా రాశాను. ఐ థాట్ దట్ వాజ్ లవ్."

"అది అబద్ధం కాదే పిచ్చిదానా," కూతురి చెంప మీద పిండి చెయ్యి పెట్టింది రాధారాణి. "నూనె కాగేదాకా చలి. కాగాక నీ బస్సు వచ్చేది. రెండూ ఒక స్టవ్ మీదే అయిపోయేవి."

నిధి ఆ చేతిని చెంప మీదే పట్టుకుంది.

"మిమ్మల్నొక్కరినే అనను లెండి," ఆవిడే మళ్లీ అంది భర్తతో. "ఫ్రిజ్ మీద ఆ నవ్వు మొహాలు చూసుకుని మీరు మురిసిపోతుంటే నాకూ బాగానే ఉండేది. అందులో నా వాటా ఉందని నాకు తెలుసుగా. మీకు తెలియకపోయినా. కానీ ఇప్పుడు చేతకావట్లేదు. ఈ వేళ్లు గొట్టం నొక్కలేకపోతున్నాయి. గొట్టం నొక్కకపోతే ఈ ఇంట్లో ఇంకో చలికాలం ఎలా గడపాలో నాకు తెలీదు. ఆ ఇంట్లో గ్రానైట్ ఏ రంగో కూడా నేను చూళ్లేదండీ."

అప్పుడు గుర్తొచ్చింది రామమోహన్‌కి. చెప్పుల తర్వాత వంగి సాక్సులు విప్పడం. ఉత్త కాళ్లతో గదులన్నీ తిరగడం. ఒకచోట ఆగి కళ్లు మూసుకోవడం. ఆవిడ చూసింది ఆ నేల వెచ్చదనాన్ని. ఫ్లోరింగ్ బాగానే ఉందిలే, పద, అన్నాడు తను.

ఆయన హాల్లోకి వెళ్లాడు. థర్మోస్టాట్‌ని డెబ్బై దాకా జరిపాడు. కింద ఫర్నేసు ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు మోగింది. ఆ చప్పుడు అంతసేపు ఆగకుండా వినడం ఆ ఇంటికే కొత్త. ఆయన హాల్లోనే నిలబడ్డాడు. ఎంతకీ గది వేడెక్కలేదు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. అటక తలుపు దించి, నిధి వద్దంటున్నా నిచ్చెన ఎక్కాడు.

చీకట్లో సూట్‌కేసుల మధ్య మోకాళ్ల మీద కూచుని ఒకదాన్ని పక్కకి జరిపి, దాని అడుగున చెయ్యి పెట్టాడు.

గోరువెచ్చగా ఉంది.

పక్కదాని కిందా అంతే. బొమ్మల పెట్టెల కిందా అంతే. ఆ ఇంట్లో పుట్టిన కాస్త వేడీ తిన్నగా ఇక్కడికి వచ్చి, చక్రాలూడిన సూట్‌కేసుల్ని వెచ్చబెట్టి, కప్పులోంచి వానలోకి పోయింది. ప్రపంచంలో ఎన్నో బాయిలర్లకి వేడి పోకుండా చొక్కాలు తొడిగిన మనిషి, తన భార్య మీద కప్పింది తీసి సూట్‌కేసులకి పరుపు వేశాడు. ఆయన అక్కడే తల వంచుకుని చాలాసేపు కూచున్నాడు. కిందనుంచి నిధికి ఆయన వీపు మాత్రమే కనపడింది. అది కదులుతోంది.

దిగి వచ్చాక కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: "నిధీ, గోపాల్‌కి ఫోన్ చెయ్యి. రెండుతోనే పెట్టమను."

* * *

పెట్టాక కూడా గండం గడవలేదు. మొదటి వారం ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వంటిల్లు బాగుందన్నారు, పెరడు బాగుందన్నారు, స్కోర్ కాగితం చూసి థాంక్యూ అన్నారు. వెళ్లిపోయారు. బిల్డర్ ఆఫీసు నుంచి గుర్తు చేస్తూ ఒక ఫోన్ వచ్చింది. తర్వాత ఇంకొకటి. నెలాఖరు వారాంతం వచ్చేసింది. ఒక్క జంట మాత్రం రెండోసారి చూస్తామన్నారు. అవని, ధృవ్. ఇద్దరూ హిల్స్‌బరోలో ఉద్యోగాలు. అవనికి ఏడో నెల.

"అంకుల్, ఇది లాస్ట్ ఛాన్స్," గోపాల్ ముందే హెచ్చరించాడు. "మామూలుగా అయితే బయర్లు వచ్చినప్పుడు మీరు ఇంట్ల ఉండొద్దు. కానీ వాళ్లే మీతోని మాట్లాడతమంటున్నరు. మంచిగ ఫ్రిజ్ దగ్గరికి తీస్కపోండి. ఆ స్మైలీలు చూపించండి. అవి మీ అసలు బిల్లులే కదా? అబద్ధమేం లేదు కదా? చూసిన్రంటే రెండు సంగతి మర్చిపోతరు."

రాధారాణి మెట్ల దగ్గర కుర్చీలో కూచుంది. శాలువా కింద చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

అవని ఇల్లంతా తిరిగి, చివరికి తనంతట తనే ఫ్రిజ్ ముందు ఆగింది. "అయ్యో, ఎంత క్యూట్‌గా ఉన్నాయో! ఇవి నిజమేనా అంకుల్? ఇంత తక్కువ వాడతారా మీరు?"

"నిజమేనమ్మా."

"చూశావా ధృవ్? మరి స్కోర్ రెండు అని భయపెట్టారు. అసలు బిల్స్ ఇంత తక్కువైతే ఆ స్కోర్ పట్టించుకోనక్కర్లేదు కదా? డెలివరీ తర్వాత నేను ఏడాది ఇంట్లోనే ఉంటాను అంకుల్. పాపతో. అందుకే అడుగుతున్నాను."

"ఎగ్జాక్ట్‌లీ!" అన్నాడు గోపాల్. "స్కోర్ అంతా పేపర్ మీదనే. రియాలిటీ ఇది."

రామమోహన్ అవనిని చూశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ అమ్మాయి చేతులు స్వెట్టరు చేతుల్లోకి లాక్కుంది. ఇవాళ డెబ్బై దగ్గర పెట్టినా సరే.

ఒక్క "అవునమ్మా" అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. రాధారాణికి ఆ ఇల్లు దక్కుతుంది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కూడా అవని చేతుల్నే చూస్తోంది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసింది. అవునని గానీ కాదని గానీ అనలేదు. కాకపోతే శాలువా కింద చేతులు నలపడం ఆపేసింది.

"పట్టించుకో అమ్మా," అన్నాడు రామమోహన్.

"అంకుల్..." గోపాల్ దగ్గాడు.

"ఉండవయ్యా. చూడమ్మా, ఈ బిల్లులు ఇంటివి కావు. మా ఆవిడవి. ఇల్లు వేడిని ఆపదు. ఆవిడ చలిని ఆపింది. ఇన్నేళ్లూ. నేను ఇంజనీరుని, నాకే తెలియలేదు. చిన్నపిల్లతో నువ్వు ఆ పని చేయలేవు, చేయకూడదు కూడా. వస్తే ముందు అటక బాగు చేయించుకో, తర్వాత గోడలు. దానికెంత అవుతుందో అంతా ధరలోంచి తీసేయండి. ఆ రెండు మార్కులూ ఇంటికి సరిగ్గానే వేశారు. నాకైతే అంత కూడా వేయక్కర్లేదు."

ధృవ్ మొహమాటంగా స్కోర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మాట్లాడుకుని చెప్తాం అంకుల్," అన్నాడు. వెళ్లిపోయారు. గోపాల్ తల పట్టుకుని వాళ్ల వెనకే పరిగెత్తాడు.

తలుపు మూసుకుంది. రామమోహన్ వచ్చి భార్య పక్కన కింది మెట్టు మీద కూచున్నాడు.

"పోయినట్టుంది రాధా. నీ ఇల్లు."

"పోతే పోయింది," అంది రాధారాణి. శాలువా ఒక కొస ఆయన భుజం మీదికి లాగింది. "మీరు నిజం చెప్పారని కాదు గానీ... మా ఆవిడ అని అంత గట్టిగా చెప్పడం ఇదే మొదటిసారి విన్నాను."

ఆయన ఆవిడ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. మంచు ముక్కల్లా ఉన్నాయి. వాటిని ఊదుతూ, రుద్దుతూ కూచున్నాడు. ఆవిడ కళ్లల్లోంచి నీళ్లు జారితే తుడుచుకోలేదు. చేతులు ఖాళీగా లేవు మరి.

చీకటి పడకముందే ఫోన్ మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అంకుల్!" గోపాల్ గొంతు. "కొంటమంటున్నరు. ప్రైస్ మాత్రం బాగనే కట్ చేసిన్రు. మీరు చెప్పినట్టే అటక, గోడలు అన్నీ తీసేసిన్రు. కానీ ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? ఇల్లు గురించి ఇంత నిజం చెప్పినోళ్ల దగ్గర ఇంకేం దాచిపెట్టి ఉండదు, ఇన్‌స్పెక్షన్ కూడా అక్కర్లేదన్నది. నేనే అట్ల వద్దమ్మా, చేయించుకో అన్న."

ధర ఎంత తగ్గిందో విని రాధారాణి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అబ్బో," అంది. "నా జంతికలు ఇంత ఖరీదు చేస్తాయనుకోలేదండీ."

* * *

బీవర్టన్ ఇంట్లో థర్మోస్టాట్ డెబ్బై రెండు దగ్గర ఉంటుంది. దాన్ని రాధారాణి తప్ప ఎవరూ ముట్టుకోరు. దాని ముందునుంచి వెళ్లేటప్పుడు రామమోహన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాడు. అలవాటు గట్టిది, నమ్మడానికి లేదు. ఫ్రిజ్ తలుపు మీద ఏమీ లేదు. సూట్‌కేసులు పారేయడానికి ఆయనకి ఒక వారం పట్టింది. రెండు మిగిలాయి.

మొదటి చలికాలం సగమయ్యాక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. హిల్స్‌బరో నుంచి విద్య, తెలుగు సంఘంలో వంటల కమిటీ ఆవిడ.

"అన్నయ్యగారూ, వదినగారికి ఒంట్లో ఎలా ఉంది? ఈసారి జంతికలు రాలేదు. మేమంతా కంగారు పడుతున్నాం."

"బాగుందమ్మా," అన్నాడు రామమోహన్. "చాలా బాగుంది. అందుకే రాలేదు."

ఫోన్ పెట్టేసి హాల్లోకి చూశాడు. కిటికీ పక్క కుర్చీలో రాధారాణి పత్రిక చదువుకుంటోంది. ఒంటి మీద ఒక్క స్వెట్టరు కూడా లేదు. ఉత్త పాదాలు నేల మీద తీరిగ్గా చాపుకుని ఉంది. పక్కన బల్ల మీద కాఫీ గ్లాసు ఉంది. దాంతో చేతులు కాచుకోవాల్సిన పని ఎవరికీ లేకపోవడంతో, తన మానాన తను చల్లారిపోతోంది.